లేవకుండా ఒక్క గంట

2022 వేసవి పంట నాటి సంగతి ఇది. విడవలూరు దాటి సముద్రం వైపు పోయే మట్టిరోడ్డు చివర, రొయ్యల గుంటల గట్టు మీద ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడికి నన్ను పిలిపించి చెప్పిన పని చాలా చిన్నది. కరెంటు పోతే కూసే సైరన్‌ను ఒక చోటి నుంచి తీసి ఇంకో చోట పెట్టడం. ఇన్నేళ్ళుగా ప్యానెల్ బోర్డులతో కుస్తీ పడుతున్న నాకు అది ఒక పూట పని కూడా కాదు. అలాంటిది పంటకాలం పొడుగునా ఆ షెడ్డు చుట్టూ తిరిగాను. నాకు తెలిసిన విద్యంతా పెట్టినా చేసి ఇవ్వలేకపోయిన పని నా వృత్తిలో అదొక్కటే.

నా పేరు డేవిడ్. మాది వెంకటాచలం. మైపాడు నుంచి విడవలూరు దాకా తీరం పొడుగునా ఉన్న రొయ్యల గుంటలకు కరెంటు ప్యానెళ్ళు బిగిస్తాను, జనరేటర్లు చూస్తాను. ఈ లోకం తెలియని వాళ్ళకు ముందుగా ఏరేటర్ గురించి చెప్పాలి. నీటి మీద తేలుతూ రెక్కలతో నీళ్ళను చిలికే యంత్రం అది. నీళ్ళలో కరిగి ఉండే ప్రాణవాయువును మా వాళ్ళు డి.ఓ. అంటారు. పగలు ఎండ పొడకు నీటిలోని నాచే కొంత ప్రాణవాయువు ఇస్తుంది. చీకటి పడితే ఇచ్చిన చేత్తోనే వెనక్కి తీసుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున డి.ఓ. అట్టడుగుకు పోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోతే, ఎదిగిన రొయ్య ఎంతోసేపు తట్టుకోలేదు. గట్టు వారకు వచ్చి తేలిపోతుంది. ఇక ఆ పంట మీద ఆశ వదులుకోవలసిందే.

ఈ భయం వల్ల గుంటల మీద బతికే వాళ్ళందరికీ ఒక అలవాటు పడిపోతుంది. ఏరేటర్ల హోరు పక్కనే హాయిగా నిద్రపోతారు. ఆ హోరు ఆగిందంటే మాత్రం ఎంత గాఢనిద్రలో ఉన్నా లేచి జనరేటర్ కాడికి పరుగెత్తుతారు. పెళ్ళికని ఊళ్ళోకి వెళ్ళి బంధువుల ఇంట్లో పడుకున్న రైతు, అక్కడ సీలింగ్ ఫ్యాను ఆగగానే లేచి చెప్పుల కోసం తడుముకోవడం నేను కళ్ళారా చూశాను. లోకంలో అందరూ చప్పుడైతే ఉలిక్కిపడతారు, మా వాళ్ళు చప్పుడు ఆగితే ఉలిక్కిపడతారు.

నన్ను పిలిపించిన రైతు ప్రభాకర్ అన్న. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆయన భార్య వసంతక్క విడవలూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. పంట ఉన్నన్నాళ్ళూ ఇద్దరి కాపురమూ గట్టు మీది షెడ్డులోనే. నేను వెళ్ళేసరికి అన్న తలుపు పైన ఉన్న సైరన్‌ను పాత పగవాడిని చూసినట్టు చూస్తున్నాడు.

"డేవిడూ, దీన్ని నా నెత్తి మీద నుంచి తీసెయ్యాల."

"తీసేసి ఏడ పెట్టాలన్నా?"

"మస్తాన్ భాయ్ గుడిసెలో పెట్టు. ఆయనే చూసుకుంటాడు."

మస్తాన్ భాయ్ అవతలి గట్టు మీద కాపలా ఉండే పెద్దాయన. నమ్మకస్తుడే. అయినా నాకు మింగుడు పడలేదు. "మీకు వినపడకపోతే ఎట్టన్నా?" అన్నాను.

"వినపడకూడదనే గదయ్యా నిన్ను పిలిపించింది."

సైరన్ వద్దన్న రొయ్యల రైతును నేను చూడటం అదే మొదటిసారి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అనుకుంటూ నిచ్చెన వేశాను. అప్పుడు వసంతక్క టీ గ్లాసు చేతికిచ్చి అసలు సంగతి చెప్పింది. అంతకుముందు కొన్నేళ్ళ కింద తెల్లమచ్చ రోగం వచ్చి వాళ్ళ పంట మొత్తం పోయింది. ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. బడిలో తోటి టీచరు ఒకామె బౌద్ధ పద్ధతిలో ధ్యానం నేర్పే చోటికి తీసుకువెళ్ళింది. పది రోజులు మాటామంతీ లేకుండా, ముక్కు దగ్గర ఊపిరి వచ్చేదీ పోయేదీ చూస్తూ కూర్చోవడమే అక్కడి పని. పోయిన నిద్ర మళ్ళీ వచ్చింది. తర్వాతి పంట విరామంలో అన్నను కూడా పంపింది. అప్పటి నుంచి తెల్లవారుజామున ఇద్దరూ ఎదురెదురుగా రెండు చాపలు వేసుకుని గంటసేపు కూర్చుంటున్నారు. పొద్దెక్కితే ఆమెకు బడి, ఆయనకు మేత. సాయంత్రం ఆమెకు ట్యూషన్లు, ఆయనకు నీటి పరీక్షలు. ఇద్దరికీ కలిసి దొరికేది ఆ ఒక్క వేళే. రొయ్యకు ఊపిరి అందని వేళ కూడా అదే.

"గంటసేపు కళ్ళు తెరవకుండా, కాలూ చెయ్యీ కదపకుండా కూర్చోవడాన్ని అధిష్ఠానం అంటారు తమ్ముడూ," అంది వసంతక్క. "మీ అన్న ఇంతవరకు ఒక్కనాడు కూర్చోలే. ఏరేటర్ బెల్టు కొంచెం కీచుమన్నా లేస్తాడు. ఫోను వణికినా లేస్తాడు. గంట అయినాక నేను కళ్ళు తెరుస్తా గదా, ఎదురుగా చాప ఉంటాది, మనిషి ఉండడు."

"అంత కోపమైతే తాడేసి కట్టెయ్యండక్కా," అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "కోపమేం లేదు. ఒక్క రోజు కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మనిషి ఉండాల. అంతకంటే ఏమొద్దు నాకు," అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. కారణం చెబుతాను. మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది. నా ఫోను మాత్రం ఏ కుటుంబానికీ చెందింది కాదు. తీరంలో ఏ గుంట మీద మోటారు కాలినా, ఏ ప్యానెల్లో కాంటాక్టర్ స్విచ్చి అతుక్కుపోయినా అది మోగుతుంది. మా ఆవిడ రూతు చర్చిలో అక్కలందరి ముందూ నన్ను ఆట పట్టిస్తుంది: "మా ఆయన పాటకుంటాడు, వాక్యానికుంటాడు, ఆమెన్ కాడికి వచ్చేసరికి బండి స్టార్ట్ చేస్తా ఉంటాడు." అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. వసంతక్క మాట విన్న రోజు మాత్రం ఆ నవ్వు గుర్తొచ్చి ఇబ్బందిగా అనిపించింది.

సైరన్ మార్చాను. కరెంటు పోతే ఫోన్ చేసే చిన్న పెట్టె ఒకటి ప్యానెల్లో ఉంటుంది, దాన్ని జి.ఎస్.ఎం. మాడ్యూల్ అంటాం. అందులో అన్న నంబరు తీసేసి మస్తాన్ భాయ్‌దీ నాదీ పెట్టాను. ఏ.టి.ఎస్. ప్యానెల్ కూడా సరిచూశాను. కరెంటు పోయిన సంగతి పసిగట్టి, జనరేటర్‌ను తనంతట తానే స్టార్ట్ చేసి, లోడును దాని మీదికి మార్చేది ఏ.టి.ఎస్. మనిషి చెయ్యి పెట్టనక్కర లేదు. "ఇంక మీరు బండరాయి మాదిరి కూర్చోవచ్చన్నా," అని చెప్పి బండెక్కాను.

వారం తిరక్కుండా ఆయనే ఫోన్ చేశాడు. "లాభం లేదు డేవిడూ. మళ్ళా లేచినా."

ఏ.టి.ఎస్.కు ఒక పద్ధతి ఉంది. కరెంటు పోగానే అది తొందరపడదు. నిజంగా పోయిందా, రెప్పపాటు ఊగిసలాటా అని కాసేపు చూస్తుంది. తర్వాత జనరేటర్‌ను లేపుతుంది. ఇంజను కుదురుకునే దాకా ఆగి, అప్పుడు లోడు మారుస్తుంది. ఇదంతా కలిపి అర నిమిషం లోపే. ఆ అర నిమిషం మాత్రం గుంటల మీద ఏ చప్పుడూ ఉండదు. ఆ కాసేపటికే అన్న లేచి ఉత్త కాళ్ళతో గట్టు పొడుగునా పరుగెత్తాడు. ఆయన పోయేసరికి జనరేటర్ శుభ్రంగా నడుస్తోంది. పక్కన మస్తాన్ భాయ్ బీడీ వెలిగించుకుని, "ఏం సార్, ఇంత పొద్దున్నే వాకింగా?" అన్నాడట.

వెళ్ళి చూశాను. చూడటానికి ఏముంది, ప్యానెల్ బాగానే ఉంది. అన్న గట్టు మీద కూర్చుని అరికాల్లో దిగిన గుల్ల ముక్క తీసుకుంటున్నాడు. "ఆ కోర్సు రోజుల్లో కూడా ఇట్నే అయ్యింది," అన్నాడు.

"ఏం జరిగిందన్నా?"

"మొదటి రోజు. పెద్ద హాలు. మైకులో గురువు మాటలు వినిపిస్తా ఉండాయి. అవి ఆగిపొయ్యినాయి. ఒక్కసారిగా సద్దు లేదు. అంతే, లేచి తలుపు కాడికి పరుగెత్తినా. ఆడుండే సేవకుడు చెయ్యి పట్టుకుని ఏందని సైగ చేసినాడు. ఆడ మాట్లాడకూడదు. అయినా నోట్లో నుంచి వచ్చేసింది, 'జనరేటర్ వెయ్యండయ్యా' అని."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వాడు. తర్వాత నీళ్ళ వైపు చూస్తూ, తనలో తాను చెప్పుకుంటున్నట్టు చెప్పాడు.

"పోను పోను తగ్గింది. ఇంక ఇంటికి పంపిస్తారనంగా ఒక పొద్దున కూర్చోనుండా. చప్పుడు లేదు. లేదని తెలుస్తానే ఉండాది. భయం మాత్రం రాలే. ఊపిరి లోపలికి పోతాది, బయటికి వస్తాది, అంతే. ఎంతసేపో తెలీదు. చిన్నప్పుడు మా అమ్మ తల దువ్వుతా ఉంటే ఎట్టుండేదో అట్టుండింది. గంట కొట్టినాక ఏడ్చినా. ఇంటికొచ్చి గుంట నింపినా, ఏరేటర్లు వేసినా, ఆరోజుతో సరి. దానికోసమే రోజూ కూర్చుంటా ఉండా. మళ్ళా రాలే."

షెడ్డులో నుంచి వసంతక్క అంది: "దానికోసం కూర్చుంటే రాదు. ఊరికే కూర్చోవాల."

"ఊరికే ఎట్ట కూర్చోవాలో అది చెప్పు ముందు," అన్నాడు అన్న.

నాకు నోటి దురద ఎక్కువ. "ప్రాణం తీయకూడదనేది మీ వాళ్ళ మొదటి నియమం అంట గదన్నా. మరి పట్టుబడి రోజు సంగతేంది?" అని అడిగాను. గుంటలో వలలు లాగి పంట మొత్తం ఎత్తే రోజును పట్టుబడి అంటారు.

అడిగాక నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం నొచ్చుకోలేదు. "నువ్వు కొత్తగా అడిగేదేం లేదు. కళ్ళు మూసుకోంగానే ముందు ఆ ప్రశ్నే వచ్చి కూర్చుంటాది. వేరే పని చేతకాదు, ఈ పనికి జవాబు లేదు. జవాబు దొరికిందాకా కూర్చోకుండా ఉండలేను గదా," అన్నాడు. నేను పానాలు సర్దుకున్నాను. ఆ మనిషి మీద ఆ రోజు గౌరవం పుట్టింది.

ఆ గౌరవంతోనే ఒక తెలివి తక్కువ పని చేశాను. గుంటల మీద పెరిగిన బుర్రకే అలాంటి ఉపాయం తడుతుంది. ఆయనను లేపుతున్నది సైరన్ కాదు, ఫోను కాదు, చప్పుడు లేకపోవడం. అలాంటప్పుడు చప్పుడు ఆగకుండా చూస్తే సరిపోతుంది కదా! ఏరేటర్ల హోరును నా ఫోనులో రికార్డు చేశాను. బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరు తెచ్చి అన్న చాప వెనక పెట్టాను. కూర్చునే ముందు దాన్ని ఆన్ చేస్తే చాలు. గుంటలో ఏరేటర్లు ఆగినా చెవి వెనక మాత్రం తిరుగుతూనే ఉంటాయి. అన్న పసిపిల్లాడిలా సంబరపడ్డాడు. వసంతక్క మాత్రం ఆ స్పీకరు వైపు ఒకసారి చూసి వంటలో పడింది.

నాలుగు రోజుల తర్వాత తెల్లారగట్ల నా ఫోనుకు మాడ్యూల్ నుంచి కాల్ వచ్చింది. కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది. తర్వాత అన్న ఫోను కోసం కాచుకుని కూర్చున్నాను. వచ్చింది. గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది. "కూర్చున్నా డేవిడూ! కరెంటు పొయ్యిందంట, నాకు తెలీనే లేదు! గంటసేపు కదల్లే!"

నాకు కూడా గుండె నిండింది. స్వీటు తీసుకుని ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. వసంతక్క బడి నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. "కోరిక తీరింది గదక్కా," అన్నాను.

ఆమె పెట్టె అందుకోలేదు. "హోరు ఆగింది నాకు తెలిసింది తమ్ముడూ. స్పీకరులో వచ్చేదానికీ నీళ్ళలో నుంచి వచ్చేదానికీ తేడా తెలీదా? గంట అయ్యింది, కళ్ళు తెరిచినా. మనిషి ఉండాడు. అయినా నా ఎదురుగా కూర్చోలే. మనసు గుంట మీద తిరుగుతా ఉండాది, ఇంకా ఏరేటర్ల కాడే ఉండాది. నీ స్పీకరు కూర్చోబెట్టింది ఒంటిని మాత్రమే," అంది. కాళ్ళు తుడుచుకుంటూ, "ఉన్నది ఉన్నట్టు చూడమనే గదా ఆడ చెప్పింది. లేని చప్పుడు వింటా కూర్చుంటే ఇంకేం చూస్తాడు?" అంది.

మాట కటువుగా లేదు. కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు ఎదురు చూసింది చేతికి అందినట్టే అంది, అది కాదని తెలిస్తే ఎవరికైనా అంతే కదా. అన్న వెళ్ళి స్పీకరు తీసుకొచ్చి నా సంచిలో పెట్టాడు. స్వీటు మస్తాన్ భాయ్ ఇంటికి పోయింది. నేను మళ్ళీ ఆ షెడ్డు గురించి ఉపాయాలు ఆలోచించలేదు.

పంట ఎదిగింది. వానలు మొదలయ్యాయి. ఇంకొన్నాళ్ళలో పట్టుబడి. రొయ్య పెద్దదయ్యే కొద్దీ డి.ఓ. ఎక్కువ కావాలి, కాబట్టి రైతులకు కంటి మీద కునుకు ఉండని కాలం అది. ఒకరోజు ఇంకా వెలుగు రాకముందే మాడ్యూల్ నుంచి కాల్ వచ్చింది. కరెంటు పోయింది. మామూలుగా ఆ వెంటనే జనరేటర్ అందుకున్నట్టు రెండో కాల్ వస్తుంది. అది రాలేదు. మస్తాన్ భాయ్‌కి ఫోన్ చేశాను.

ఎత్తింది వసంతక్క. ఆయాసపడుతోంది. "జనరేటర్ లేవడం లేదు తమ్ముడూ. టకటకమంటా ఉండాది, అంతే. భాయ్ తాళం తిప్పతానే ఉండాడు. ఏం చెయ్యాలో చెప్పు."

"అన్న ఏడక్కా?"

"కూర్చోనుండాడు."

నాకు అర్థం కాలేదు. అడిగే సమయమూ లేదు. టకటక చప్పుడంటే స్టార్టర్‌కు బలం అందడం లేదని అర్థం. సముద్రపు ఉప్పుగాలికి బ్యాటరీ మొనల మీద పొడి పేరుకుపోయి, తీగలు పట్టు వదిలేస్తాయి. టార్చి వెయ్యమన్నాను. పొడి తుడిచి, బిగించమన్నాను. ఫోనులో పానా జారిన చప్పుడు, భాయ్ "యా అల్లా" అనడం, వానచినుకులు, అన్నీ వినిపిస్తున్నాయి. వెనక గుంటల నుంచి మాత్రం ఏమీ వినిపించడం లేదు. ఆ ఏమీ లేకపోవడం ఎంత భయంకరమో నాకు ఆ రోజు తెలిసింది. ఇంకోసారి తాళం తిప్పారు. ఇంజను దగ్గింది, అందుకుంది. కాసేపటికి ఒక్కో ఏరేటరూ నీళ్ళను కొట్టడం వినిపించింది. వసంతక్క ఫోను పెట్టెయ్యడం కూడా మరిచిపోయింది.

నేను బండేసుకుని పోయేసరికి తెల్లారి చాలాసేపయింది. మస్తాన్ భాయ్ నీళ్ళలో వేలాడే చెక్ ట్రే, అదే రొయ్యల తీరు చూసే వల పళ్ళెం, పైకి లాగి చూపించాడు. రొయ్యలు చిటపటా ఎగిరాయి. పంట దక్కింది. షెడ్డు గుమ్మంలో వసంతక్క కూర్చుని ఉంది. మోకాళ్ళ దాకా బురద, కడుక్కోలేదు. అన్న ఇంకా చాప మీదే ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఏందన్నా, ఇయ్యాల లేవలేదంట?" అన్నాను.

"హోరు ఆగింది. కాళ్ళు లేచినాయి డేవిడూ, లోపల లేచినాయి. గుండెకాయ గట్టు మీదికి పరుగెత్తింది. అన్నీ తెలుస్తా ఉండాయి. లేస్తా, లేస్తా అనుకుంటానే చూస్తా ఉండిపొయినా. ఎట్ట ఉండిపొయినానో తెలీదు. అప్పుడు మా అమ్మ చెయ్యి మాదిరి అనిపించిందే, అది మళ్ళా వచ్చింది. రెండు ఊపిర్ల సేపు ఉండుంటాది. పొయ్యింది. సరే, పోనీలే అనుకున్నా. గంట అయ్యింది. ఇయ్యాల ఈమెకు ఎదురుగా ఉండా గదా అని సంతోషంతో కళ్ళు తెరిచినా." ఎదురుగా ఉన్న చాపను చేత్తో తడిమాడు. "ఖాళీ. చాప మీద మనిషి లేదు. ఇన్నేళ్ళు ఈమె రోజూ పొద్దున్నే కళ్ళు తెరిచి చూసింది ఇదా డేవిడూ?"

వసంతక్కే చెప్పింది, ఆయన వైపు తిరక్కుండా, గుంట వైపు చూస్తూ.

"జనరేటర్ అందుకుంటాదిలే అని చూసినా, అందుకోలే. మీ అన్న లేస్తాడులే అని చూసినా, లేవలే. ఎవరో ఒకరు లేవాల గదా. పరుగెత్తుతా ఉంటే అప్పుడు తెలిసింది తమ్ముడూ. ఇన్నాళ్ళు నాకు మనసు నిలిచింది, అందుకే కూర్చోగలుగుతా ఉండా అనుకున్నా. అది కాదు. మీ అన్న లేస్తా ఉండాడు కాబట్టి నేను కూర్చున్నా."

ఇద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో చెప్పలేను. రెండూ ఉన్నాయి అందులో. అన్న లేచి చెంబుతో నీళ్ళు తెచ్చాడు, ఆమె కాళ్ళ మీద పోశాడు. నేను అక్కడి నుంచి జనరేటర్ కాడికి తప్పుకుని, బ్యాటరీ మొనలకు అవసరం లేకపోయినా ఇంకోసారి గ్రీజు పూశాను.

ఆ పంట అమ్ముకున్నారు, మళ్ళీ గుంటలు నింపారు. ఇప్పటికీ నేనే వాళ్ళ ప్యానెల్ చూస్తాను. మొన్న సర్వీసుకు పోయినప్పుడు వసంతక్కను అడిగాను: "ఇద్దరూ ఒకేసారి కళ్ళు తెరిచిన రోజు వచ్చిందా అక్కా?" ఆమె తల అడ్డంగా ఊపింది. "ఒకరోజు ఆయన, ఒకరోజు నేను. కాపలా వంతులు మార్చుకున్నట్టు," అని నవ్వి, "వస్తాదిలే తమ్ముడూ," అంది. ఆ నవ్వు వెనక కోరిక ఇంకా పచ్చిగానే ఉంది. ధ్యానం చేసేవాళ్ళకు కోరిక ఉండకూడదంటారు. నాకైతే ఆ కోరిక చూస్తేనే వాళ్ళ మీద ప్రేమ పుడుతుంది.

ఈ కేసు నాకేం నేర్పిందని అడిగితే, ప్యానెళ్ళ సంగతి కొత్తగా ఏమీ నేర్పలేదు. ఉప్పుగాలి తగిలే చోట బ్యాటరీ మొనలు నెల నెలా తుడవాలని అంతకుముందే తెలుసు. సైరన్‌ను ఒక గోడ నుంచి ఇంకో గోడకు మార్చగలను. మనిషి లోపల బిగించి ఉన్నదానికి మాత్రం నా దగ్గర పానా లేదు. ఒకరు నెమ్మదిగా కూర్చోవాలంటే ఎక్కడో ఇంకొకరు లేచి పరుగెత్తాలి. ఆ లేచేవాడు కనపడడు, కాబట్టి లెక్కలోకి రాడు. ఇది ఆ షెడ్డు గుమ్మంలో అర్థమైంది.

జనరేటర్ మొరాయించిన ఆ రోజు సాయంత్రం మా ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నాం. రూతు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. సగంలో ఫోను మోగింది. మైపాడు దగ్గర ఒక గుంట మీద ఏరేటర్లు ఆగాయి. ఈ ఒక్క రోజు లేవకూడదని కూర్చునే ముందే అనుకున్నాను. కానీ ఆ ఫోను చేసినవాడి వెనక ఏ చప్పుడూ లేదు, అది నాకు బాగా తెలిసిన ఏమీ లేకపోవడం. లేచాను. అవతలి మనిషికి ఫోనులోనే ఏది తిప్పాలో ఏది నొక్కాలో చెబుతూ వాకిట్లో అటూ ఇటూ నడిచాను. ఏరేటర్లు తిరిగిన చప్పుడు విన్నాక కూడా లోపలికి పోవడానికి కాళ్ళు రాలేదు. ప్రార్థన ఎప్పుడో అయిపోయి ఉంటుంది, పళ్ళేలు పెట్టి ఉంటారు, నా చోటు ఖాళీగా ఉంటుంది అనుకున్నాను.

తలుపు తోశాను. రూతు అక్కడే ఉంది. ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. నా అడుగుల చప్పుడు విని, కళ్ళు తెరవకుండానే పక్కకు చెయ్యి చాచి నేల మీద తట్టింది.

"ఆమెన్ ఇంకా చెప్పలే," అంది. "వచ్చి కూర్చో."